అమ్మతో గెతారియాలో రెండు రోజులు

అమ్మ చీరాలలో 34 ఏళ్ళుగా జాకెట్లు కుడుతోంది. నాన్న పోయేనాటికి నాకు పదకొండేళ్ళు, తమ్ముడికి ఏడు. వరండాలో ఉషా మెషీను, గోడకి వరసగా మేకులు, ప్రతి మేకుకీ ఒక ఆది జాకెట్టు సంచి. మా ఇద్దరి చదువులూ ఆ మేకుల మీంచే వచ్చాయి. ఇప్పుడు నేను ఫ్రాన్సులో, బోర్డోలో ఉద్యోగం చేస్తున్నాను. కిందటేడు ఒక ఆదివారం ఫోన్లో మాటల మధ్య అమ్మకి బలెన్సియాగా గురించి చెప్పాను. ప్యారిస్‌లో గొప్పగొప్ప ఇళ్ళ ఆడవాళ్ళకి బట్టలు కుట్టి పేరు తెచ్చుకున్నాయన, పుట్టింది మాత్రం మాకు కొద్ది గంటల దూరంలో, స్పెయిన్‌లోని బాస్క్ జనం ఉండే తీరంలో, గెతారియా అనే ఒక చిన్న చేపల రేవు ఊళ్ళో. వాళ్ళ నాన్న పడవ మనిషి, ఈయన చిన్నతనంలోనే పోయాడు. వాళ్ళమ్మ ఊళ్ళోవాళ్ళకి బట్టలు కుట్టి పిల్లల్ని పెంచింది.

అమ్మ అంతా విని ఒకటే అడిగింది. "వాళ్ళమ్మ పేరేందే?"

నాకు తెలియదు. ఆయన పుట్టిన తేదీ తెలుసు, 1895 జనవరి 21. ప్యారిస్‌లో దుకాణం తెరిచిన ఏడు 1937 అనీ, మూసేసింది 1968లో అనీ తెలుసు. తల్లి పేరు వెతకాలని మాత్రం తోచలేదు. ఆ రాత్రే వెతికి చెప్పాను, మార్తినా ఐసగిర్రె అని. అప్పట్నుంచీ మా ఇంట్లో ఆవిడ మార్తినమ్మ. "మార్తినమ్మ ఊరు చూపిస్తావా?" అంది. అలా మొదలైంది ఈ ప్రయాణం.

వీసా సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్ళు ఇది తప్పకుండా అడుగుతారు. మొదటిసారి తిరస్కరించారు. తిరిగి వెళ్తుందన్న నమ్మకం కలగలేదని రాశారు. 34 ఏళ్ళుగా ఒక్క పండగకి కూడా మెషీను వదలని మనిషి తిరిగి వెళ్ళదని ఎవరో కాగితం చూసి తేల్చేశారు. ఆ రోజు నేను ఏడ్చాను, అమ్మ ఏడవలేదు. రెండోసారి ఇంటి పత్రాలు, బ్యాంకు పుస్తకం, నేను ఇక్కడి మునిసిపల్ ఆఫీసు నుంచి తీసుకున్న వసతి పత్రం అన్నీ కట్టగట్టి పెడితే వచ్చింది. ఫ్రాన్స్ ఇచ్చిన షెంగెన్ వీసా మీద స్పెయిన్‌కి కూడా వెళ్ళొచ్చు, విడిగా ఏదీ అక్కర్లేదు. అయినా సరిహద్దు దగ్గర అప్పుడప్పుడు పోలీసులు చూస్తారు కాబట్టి పాస్‌పోర్టు పెట్టెలో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి.

మే నెలలో వెళ్ళాం. బోర్డో నుంచి ఆందాయ్ దాకా రైలు, రెండున్నర గంటలు. ఆందాయ్ ఫ్రాన్స్ చివరి ఊరు. పెద్ద స్టేషన్ బయటికి రాగానే పక్కనే ఇంకో బుల్లి స్టేషన్ ఉంటుంది, అక్కణ్ణుంచి బాస్క్ వాళ్ళ ఎలక్ట్రిక్ రైలు. దాన్ని అందరూ తోపో అంటారు. తోపో అంటే నేలలో బొరియలు తవ్వుకుంటూ పోయే చిన్న జంతువు. దారిలో సొరంగాలు ఎక్కువ కాబట్టి ఆ పేరు. బిడసోవా నది దాటగానే దేశం మారిపోయింది. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని "ఇంతేనా?" అంది. అంతే.

శాన్ సెబాస్టియన్‌ని బాస్క్ భాషలో దొనోస్తియా అంటారు. అందమైన నగరం, కానీ మేం ఆగలేదు. అక్కడి అమారా స్టేషన్లో బండి మారి సరౌత్స్ దగ్గర దిగాం. బస అక్కడే. గెతారియాలో గదులు తక్కువ, ధర ఎక్కువ. సరౌత్స్ పెద్ద ఊరు, రెండున్నర కిలోమీటర్ల ఇసుక తీరం, అలల మీద పలకలేసుకుని తేలే కుర్రాళ్ళు. గెతారియాకి రైలు లేదు. బస్సులో పది నిమిషాలు, లేదంటే సముద్రం పక్కనే నడక, నాలుగు కిలోమీటర్లు.

అమ్మకి ఎడమ మోకాలు నొప్పి. మెషీను తొక్కీ తొక్కీ వచ్చిన నొప్పి. బస్సెక్కుదామన్నాను. "సముద్రం పక్కన దారి పెట్టుకుని బస్సెందుకు?" అంది.

ఆ దారి గురించి కాస్త ఎక్కువ చెప్పాలనిపిస్తోంది. ఒక పక్క కొండ, మధ్యలో రోడ్డు, రోడ్డుకీ సముద్రానికీ మధ్య కంచె వేసిన కాలిబాట. మొత్తం చదునే, ఎక్కడా ఎక్కడం దిగడం లేదు, పెద్దవాళ్ళకి భయం లేదు. కానీ కింద ఉన్నది మన వాడరేవు సముద్రం కాదు. వాడరేవులో ఆటుకీ పోటుకీ తేడా గట్టిగా చూస్తే తప్ప తెలియదు. ఇక్కడ అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నాలుగు మీటర్ల దాకా నీళ్ళు లేస్తాయి. పోటు మీద గాలి కూడా తోడైతే కెరటం గోడని కొట్టి బాట మీదికి ఎగజిమ్ముతుంది. మేం బయల్దేరింది ఆటు వేళ. నల్లటి రాళ్ళు బయటపడి, నాచు వాసన వేస్తోంది. సన్నటి తుంపర పడుతోంది. దానికి వాళ్ళ దగ్గర ప్రత్యేకంగా పేరుంది, శిరిమిరి. గొడుగు వేసుకునేంత వాన కాదు, వేసుకోకుండా ఉండేంత పొడీ కాదు. అమ్మ చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి దోపుకుని, పైన నా వానకోటు తొడుక్కుని నడిచింది.

రోడ్డు పక్క కొండ కోసిన చోట రాయి పొరలు పొరలుగా కనిపిస్తుంది. ఈ తీరమంతా ఇంతే. సముద్రం అడుగున పేరుకున్న మట్టి, ఇసుక రాయిగా మారి, తర్వాత నేల ఒత్తిడికి పైకి లేచి ఏటవాలుగా నిలబడ్డాయి. పక్క ఊరు సుమాయాలో ఈ పొరలు ప్రపంచ ప్రసిద్ధం. ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట రాక్షసబల్లులు అంతరించిన కాలపు గీత అక్కడి రాళ్ళలో ఉంది. ఇదంతా అమ్మకి చెప్తూ నడుస్తున్నాను. అమ్మ ఒకచోట ఆగి ఆ రాళ్ళ మీద చెయ్యి పెట్టి, "బట్టల కొట్లో తానులు పేర్చినట్టుందే" అంది. నిజంగా అలాగే ఉంది. లేత రంగు ఒకటి, ముదురు రంగు ఒకటి, మడత మీద మడత.

మలుపు తిరిగేసరికి ఎదురుగా శాన్ ఆంటోన్. గెతారియా ముందు సముద్రంలోకి పొడుచుకువచ్చిన గుట్ట. ఒకప్పుడు ద్వీపం, తర్వాత రేవు గోడ కట్టి ఊరితో కలిపారు. ముందు వైపు సన్నగా వంగిన మూతి, వెనక గుండ్రటి వీపు. అందరూ దాన్ని ఎలుక అంటారు, గెతారియా ఎలుక. అమ్మకి చెప్పకముందే "అదిగో వినాయకుడి వాహనం" అని రెండు చేతులూ జోడించింది.

గంటన్నర పట్టింది మాకు. మధ్యలో మూడుసార్లు కూర్చున్నాం.

ఊరు చిన్నది. పైన రోడ్డు, అక్కణ్ణుంచి రేవులోకి దిగే రెండు మూడు ఇరుకు వీధులు, చెక్క బాల్కనీల ఇళ్ళు, బాల్కనీల్లో ఆరేసిన బట్టలు. పైన రోడ్డు దగ్గరే ఎల్కానో స్మారకం. హువాన్ సెబాస్టియన్ ఎల్కానో ఈ ఊరివాడే. భూమిని మొట్టమొదట చుట్టివచ్చిన ఓడని ఇంటికి చేర్చింది ఆయనే. 1519లో మెజెల్లాన్ నాయకత్వంలో అయిదు ఓడలు బయల్దేరాయి. 1521లో ఫిలిప్పీన్స్ దగ్గర మెజెల్లాన్ చనిపోయాడు. మిగిలిన వాళ్ళు మలుక్కా దీవులకు చేరి లవంగాలు నింపుకున్నారు. పోర్చుగీసు వాళ్ళ రేవులకు దూరంగా హిందూ మహాసముద్రం దాటి, 1522 సెప్టెంబర్ 6న విక్టోరియా అనే ఒకే ఒక్క ఓడ 18 మందితో తిరిగొచ్చింది. స్పెయిన్ రాజు ఎల్కానోకి ఒక వంశ చిహ్నం ఇచ్చాడు. అందులో దాల్చినచెక్కలు, జాజికాయలు, లవంగాలు, పైన ఒక గోళం, దాని మీద లాటిన్‌లో "నన్ను మొదట చుట్టివచ్చినవాడివి నువ్వే" అని.

అమ్మ తన సంచిలోంచి చిన్న డబ్బా తీసింది. గొంతు గరగరకి ఎప్పుడూ దగ్గరుంచుకునే లవంగాలు. ఒకటి నా చేతిలో పెట్టింది, ఒకటి తను బుగ్గన పెట్టుకుంది. "దీని కోసమా అంత దూరం?" అంది. కాసేపటికి, "ఆయన తల్లి ఉందా అప్పటికి?" అని అడిగింది.

ఈసారి నా దగ్గర జవాబుంది, ఎందుకంటే మార్తినమ్మ తర్వాత నేను జాగ్రత్తపడ్డాను. ఎల్కానో తల్లి కతలీనా దెల్ ప్వెర్తో. రాజు ఆయనకి ఏడాదికి 500 బంగారు డుకాట్లు ఇస్తానని మాటిచ్చాడు. ఎల్కానో మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళి, 1526 జులై 26న పసిఫిక్ మధ్యలో ఓడలో వీలునామా రాయించి, ఆగస్టు మొదట్లో చనిపోయాడు. అందులో తల్లిని తలుచుకున్నాడు. కొడుక్కి రావలసిన డబ్బు కోసం ఆ తల్లి రాజు కొలువుతో ఏళ్ళ తరబడి పోరాడింది. అమ్మ అది విని ఏమీ అనలేదు. నాన్న పీఎఫ్ డబ్బు కోసం ఎన్నిసార్లు ఒంగోలు బస్సెక్కిందో నాకు గుర్తుంది.

ఊరి కింది కొసన శాన్ సాల్వదోర్ చర్చి. బయటి నుంచి మామూలు రాతి గుడిలాగే ఉంటుంది. లోపల అడుగుపెట్టాక ఏదో తేడాగా ఉందనిపిస్తుంది. నేల వాలుగా ఉంది! పడవలో నిలబడ్డట్టు కాళ్ళు సర్దుకోవాలి. గోడలు కూడా సమానంగా లేవు, ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. ఇరుకు స్థలంలో, వాలు మీద, ఉన్నంతలో కట్టుకున్నారు. ఇక్కడే 1397లో గిపుస్కోవా ప్రాంతపు ఊళ్ళ ప్రతినిధులు కూర్చుని తమ ఉమ్మడి సభకి కట్టుబాట్లు రాసుకున్నారు. అమ్మ చాలాసేపు తల పైకెత్తి, తర్వాత నేల చూసి, అంది: "ముక్క క్రాసు పోయినా కుట్టు తిన్నగా వేశారు." గుడ్డ చాలనప్పుడు, కత్తిరింపు ఒంకరపోయినప్పుడు ఎక్కడ సర్దాలో తెలిసిన మనిషి అన్న మాట అది. ఆ చర్చి గురించి నేను చదివిన ఏ వ్యాసంలోనూ అంత బాగా చెప్పలేదు.

చర్చి కిందుగా ఒక సొరంగ మార్గం ఉంటుంది, కత్రపోనా. వీధే చర్చి అడుగునుంచి దూరి రేవులోకి పోతుంది. రాళ్ళు తుంపరకి తడిసి నున్నగా ఉన్నాయి. అమ్మ చెప్పు జారింది. నేను "అమ్మా!" అని గట్టిగా అరిచాను. అమ్మ గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. కానీ మా ముందు పోతున్న ఒక పెద్దావిడ గిరుక్కున వెనక్కి తిరిగింది. ఎనభై ఏళ్ళుంటాయేమో. చేతిలో కూరగాయల సంచి. అమ్మని చూపిస్తూ నన్ను అడిగింది, "అమా?"

బాస్క్ భాషలో తల్లిని అమా అంటారు. ఆ మాట నాకు తెలుసు, ఎక్కడో చదివాను. కానీ చదవడం వేరు, చెవిన పడటం వేరు. నేను తలూపాను. ఆవిడ సంచి నా చేతికిచ్చి, అమ్మ మోచెయ్యి పట్టుకుని మెట్టు మెట్టుగా రేవు దాకా దింపింది. దింపుతూ ఏదో మాట్లాడుతూనే ఉంది. అమ్మ తెలుగులో జవాబు చెప్తూనే ఉంది, "పర్లేదమ్మా, ముందుకి చూసి నడు, నువ్వు జారేవు." చివరికి ఆవిడ తన గుండె మీద చెయ్యి పెట్టుకుని "అమోనా" అంది. అంటే అమ్మమ్మ, నాయనమ్మ. ఎస్కెరిక్ అస్కో, అంటే చాలా కృతజ్ఞతలు, అన్నాను. నాకు సరిగ్గా వచ్చిన మాట అదొక్కటే.

ఈ భాష గురించి ఒక్క ముక్క. దీనికి ప్రపంచంలో చుట్టంగా తేలిన భాష ఏదీ లేదు, తెలుగుతో కూడా ఏ సంబంధమూ లేదు. అమా అన్న పోలిక యాదృచ్ఛికం. అయినా తెలుగువాళ్ళకి దీని నడక కొత్తగా అనిపించదు. గెతారియారా అంటే గెతారియాకు. గెతారియాతిక్ అంటే గెతారియా నుంచి. గెతారియాన్ అంటే గెతారియాలో. మనలాగే ఊరి పేరు వెనక తోక తగిలిస్తే చాలు. బస్సులో ఆ తోకలు వినిపించినప్పుడల్లా నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

రేవులో భోజనం. మామూలుగా మధ్యాహ్నం ఒంటిగంట దాకా వడ్డించరు, మూడున్నర దాటితే వంటిల్లు మూసేస్తారు, ఆ మధ్యలోనే తినాలి. ఈ ఊరి ప్రత్యేకత నిప్పుల మీద కాల్చిన చేప. పొయ్యిలు వీధిలోకే ఉంటాయి. చేప ఆకారంలో వంచిన ఇనుప జాలీలో మొత్తం చేపని బిగించి బొగ్గుల మీద తిప్పుతారు. రొదాబాయో అనే బల్లపరుపు చేప ఇక్కడ రాజు. ఇద్దరికి దాని ధర మా బడ్జెట్‌కి మించింది, అందుకని పక్క చిన్న హోటల్లో నెత్తళ్ళు తీసుకున్నాం. వసంతకాలం ఇక్కడ నెత్తళ్ళ కాలం. నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి ముక్కలు వేయించి అందులో ఇట్టే తిప్పి దించిన నెత్తళ్ళు. అమ్మ మొదటి ముద్దకి కళ్ళు పెద్దవి చేసింది. "కొంచెం పసుపు, కాస్త చింతపండు ఉంటే మనదే." ఇవే నెత్తళ్ళని ఉప్పులో నెలల తరబడి ఊరవేసి, ఒక్కొక్కటీ చేత్తో శుభ్రం చేసి, ముళ్ళు తీసి నూనెలో సర్ది అమ్ముతారు. ఎక్కువగా ఆడవాళ్ళే చేసే పని అది. ఒక సీసా కొన్నాను.

కొండవాలు నిండా ద్రాక్ష. మన ఊళ్ళో బీర, కాకర పాకించినట్టు పందిరి వేసి పాకిస్తారు. దాంతో చేసే చాకొలి అనే పుల్లటి తెల్ల వైన్‌ని సీసా ఎత్తి పట్టుకుని పైనుంచి గ్లాసులోకి ధారగా వంచుతారు. అమ్మ ద్రాక్షరసం తాగింది.

రెండో రోజు మ్యూజియం. దీనికోసమే వచ్చాం కాబట్టి పొద్దున్నే వెళ్ళాం, బస్సులో. సోమవారం కాకుండా చూసుకోండి, మామూలుగా ఆ రోజు సెలవు.

ఊరి పైన గట్టు మీద అల్దమార్ భవనం అనే పాత బంగళా ఉంది. కాసా తోర్రెస్ జమీందారిణి వేసవి విడిది అది. మార్తినమ్మ ఆవిడకి బట్టలు కుట్టేది. కొడుకు తల్లి వెంట ఆ ఇంటికి వెళ్ళి, ప్యారిస్ నుంచి వచ్చిన గౌన్లని దగ్గర్నుంచి చూశాడు. ఆ కుర్రాడి చేతి పని చూసి ఆ జమీందారిణే ప్రోత్సహించింది. ఇప్పుడు ఆ బంగళాకి ఆనించి నల్లటి అద్దాల పెద్ద కట్టడం లేచింది. 2011లో తెరిచారు. తల్లి కొలతల టేపుతో గుమ్మంలో నిలబడ్డ ఇల్లే కొడుకు పేర మ్యూజియం అయింది.

లోపల వెలుతురు బాగా తక్కువ. పాత బట్ట వెలుతురుకి చివికిపోతుంది కాబట్టి అలాగే ఉంచుతారు. ఒక నిమిషం కళ్ళు అలవాటు పడాలి. అద్దాల వెనక తలలేని బొమ్మలకి తొడిగిన గౌన్లు, కోట్లు. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది. ఇహ ఆ తర్వాత రెండున్నర గంటలు నేను అమ్మ వెనక నడిచాను.

ఒక నల్ల ఉన్ని కోటు దగ్గర ఆగిపోయింది. 1950ల నాటిది. నాకు అది మామూలు కోటు. నడుము దగ్గర ముందు వైపు కొంచెం పట్టి, వెనక వదులుగా జారుతోంది. మెడ దగ్గర కాలరు మెడని తాకకుండా వెనక్కి ఒరిగి ఉంది. చేతులు మణికట్టు దాకా రాకుండా పైనే ఆగాయి, గాజులు కనపడేలాగ. అమ్మ చూస్తున్నది అవేవీ కాదు. వంగి, పక్కకి జరిగి, మళ్ళీ వంగి, చంక దగ్గర చూస్తోంది.

"కుట్టేదే?" అంది.

నాకు అర్థం కాలేదు.

"చెయ్యి ఎక్కడ అతికాడో కనపడటంలా. భుజం మీంచి గుడ్డ అట్టాగే చెయ్యి అయిపోయింది చూడు. అట్టా కోస్తే చెయ్యి ఎత్తినప్పుడు చంకలో పట్టేయాలి, జాకెట్టు మొత్తం పైకి లేవాలి. లేవకుండా ఏదో చేశాడు." ఇంకాసేపు చూసి, "కింద ముక్క వేశాడు. డైమండు ముక్క. అది చేతి కింద దాచాడు" అంది.

బలెన్సియాగా జీవితమంతా వేధించిన సమస్య చేతులేనని నేను తర్వాత అమ్మకి చెప్పాను. కత్తిరింపు నుంచి కుట్టు దాకా అన్నీ తన చేత్తో చేయగలిగినవాడు. అయిపోయిన కోటుకి కూడా చెయ్యి నచ్చకపోతే విప్పేసి మళ్ళీ అతికేవాడని అంటారు. కానీ ఆ సంగతులేవీ తెలియకుండానే అమ్మ సరిగ్గా అక్కడికే వెళ్ళి ఆగింది.

అద్దానికి మరీ దగ్గరగా వంగుతోందని కాబోలు, అక్కడ కాపలా ఉన్న అమ్మాయి మెల్లగా వచ్చింది. నేను క్షమాపణ చెప్పబోయాను. ఈలోగా అమ్మ ఆ అమ్మాయికి కోటు చంక చూపించి, తన చెయ్యి పైకెత్తి, జాకెట్టు లేవడం చూపించి, మళ్ళీ కోటు చూపించింది. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. ఆవిడ కూడా చెయ్యి పైకెత్తి, నడుము దగ్గర చేత్తో అడ్డంగా గీత గీసి, కదలదు అన్నట్టు తల అడ్డంగా ఊపింది. అవును, అదే. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను పక్కన నిలబడి ఉన్నాను, నాకు గొంతు పట్టేసింది.

ఇంకో గదిలో పెద్ద గంటలా నిలబడ్డ గౌను. బట్ట పేరు గజార్. బలెన్సియాగా కోసమని ఒక స్విస్ కంపెనీ 1958లో నేసిన పట్టు, కాస్త బిరుసు, ఒంటికి అంటుకోకుండా దూరంగా నిలబడుతుంది. అమ్మ "గంజి పెట్టిన వెంకటగిరి చీర" అంది. బట్టకి లొంగి కుట్టాలి తప్ప బట్టని లొంగదీయకూడదని అమ్మ ఎప్పుడూ అంటుంది. కొత్త గుడ్డ ఇంటికొస్తే కత్తెర పట్టుకునే ముందు దాన్ని భుజం మీద వేసుకుని కాసేపు తిరుగుతుంది. ఈయన కూడా ముందు బట్ట, తర్వాతే నమూనా.

"పొట్ట ఉన్న ఆడవాళ్ళకి కుట్టాడు" అంది బయటికి వస్తూ. "ఒంటిని బిగించలా. మన కొట్టుకొచ్చే వాళ్ళకి సరిపోతాయి." నిజమే. 1957లో ఆయన నడుమే లేని సంచి గౌను తీసుకొచ్చాడు. నడుము సన్నగా ఉండి తీరాలన్న కాలంలో.

మార్తినమ్మ కుట్టిన బట్ట ఏదైనా ఉందేమోనని అమ్మ గదులన్నీ వెతికింది. మాకు కనిపించలేదు. ఊళ్ళో ఆడవాళ్ళకి కుట్టిన బట్టలు చిరిగేదాకా తొడుక్కుంటారు, తర్వాత పిల్లలకి తగ్గించి కుడతారు, ఆ తర్వాత గుడ్డపేలికలవుతాయి. మ్యూజియం దాకా రావు. 1972లో చనిపోయిన కొడుకుని ఈ ఊరి శ్మశానంలోనే సమాధి చేశారు. పైకి ఎక్కాలి. అమ్మ మోకాలు సహకరించలేదు. గట్టు మీది నుంచే ఊరి వైపు, కింద రేవు వైపు చూసింది. వాన ఆగింది. ఒక బాల్కనీలో ఎవరో దుప్పటి దులుపుతున్నారు.

నాలుగింటి బస్సుకి సరౌత్స్, మర్నాడు బోర్డో.

ఇంటికొచ్చిన రాత్రి అమ్మ నా బీరువా తెరిచి, ఉగాదికి కట్టుకున్న కుప్పడం చీర మీది జాకెట్టు తీసింది. తను కుట్టి పంపించిందే. చేతులు రెండూ విప్పేసింది. లోపల మిగిలిన గుడ్డలోంచి నాలుగు పలకల ముక్కలు రెండు కోసి, మెషీను లేదు కాబట్టి సూదితోనే, వంటగది లైటు కింద కూర్చుని చంకలో అతికింది. పదకొండింటికి నన్ను పిలిచి తొడుక్కోమంది.

"చెయ్యెత్తు" అంది.

ఎత్తాను. అమ్మ నా చుట్టూ తిరిగి, నడుము దగ్గర రెండు వేళ్ళు పెట్టి చూసింది. ఎడమ చెయ్యి బాగుందంది. కుడిది మళ్ళీ విప్పడం మొదలుపెట్టింది.